పాత కాఫీ హోటలుకు నాపరాయే ప్రాణం!

* అరిగిన బండ పనికిరానిది కాదు
* సిమెంటు కంటే సున్నమే మేలు
* యాసిడ్‌తో కడిగితే తీరని నష్టం

బేతంచెర్ల: నేలపై నాపరాతి బండపరుపు, తెల్లని పాలరాతి పలకలు బిగించిన బల్లలు, వంటశాల మూలన నల్లరాతి రుబ్బురోలు, గల్లాపెట్టె ముందు లక్షల పాదాల రాపిడికి నునుపు తేలిన గడప. రాయలసీమ పట్టణాల్లో రెండు మూడు తరాలుగా నడుస్తున్న కాఫీ హోటళ్లకు ఇవే ఆనవాళ్లు. యాజమాన్యం ఒక తరం నుంచి మరొక తరానికి మారగానే హోటలును బాగుచేయాలన్న ఆలోచన మొదలవుతుంది. ఆ ఆలోచనకు మొట్టమొదట బలయ్యేది కాళ్ల కింది బండే. గడ్డపారలతో పెకలించి ట్రాక్టరుకు ఎత్తిన బండలు ఊరి బయట గుంతలు పూడ్చడానికి వెళ్తాయి. వాటి స్థానంలో నిగనిగలాడే పలకలు వచ్చి చేరతాయి. హోటలు శుభ్రంగానే కనిపిస్తుంది కానీ పాత ఖాతాదారుకు అది తన హోటలుగా అనిపించదు. పక్క వీధిలో కొత్తగా తెరిచిన హోటలుకు, దీనికి తేడా మిగలదు.

పాత హోటలుకు ఉన్న పెట్టుబడి దాని పాతదనమే. దానిని పోగొట్టుకోకుండా పైకప్పు కారకుండా, నేల చెమ్మగిల్లకుండా, వంటశాల నేటి పరిశుభ్రత నిబంధనలకు తగినట్లుగా బాగుచేసుకోవడం సాధ్యమే. అందుకు రాతి స్వభావం తెలిసి ఉండాలి. ఏ రాయిని ఉంచాలి, ఏ రాయిని మార్చాలి, దేనితో అతకాలి, దేనితో కడగాలి అన్న నాలుగు విషయాలపైనే పునరుద్ధరణ పనుల జయాపజయాలు ఆధారపడి ఉంటాయి.

మన కాళ్ల కింది రాయి ఎక్కడిది?

నంద్యాల జిల్లా బేతంచెర్ల పరిసరాల్లోను, వైఎస్సార్ కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతంలోను, అనంతపురం జిల్లా తాడిపత్రి పరిసరాల్లోను లభించే నాపరాయి నిజానికి సున్నపురాయి. కోట్లాది సంవత్సరాల క్రితం ఈ ప్రాంతాన్ని కప్పిన సముద్రం అడుగున సన్నని ఒండ్రు పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడి ఈ రాయి ఏర్పడింది. కడప జిల్లాలోని నార్జి గ్రామం పేరిట దీనిని భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయిగా వ్యవహరిస్తారు. 1872లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రచురించిన కడప, కర్నూలు శిలల నివేదికలో విలియం కింగ్ ఈ రాళ్లను సవివరంగా వర్ణించాడు. పొరల మధ్య ఉలి పెట్టి కొడితే పలకలుగా విడిపోవడం ఈ రాతి ప్రత్యేకత. యంత్రాలు లేని రోజుల్లో సైతం ఇంటి నేలకు, మిద్దె పైకప్పుకు, అరుగుకు, అలమరకు ఇది అందుబాటులో ఉండటానికి కారణం ఇదే.

తెలంగాణలోని వికారాబాద్ జిల్లా తాండూరులో నీలి, పసుపు రంగుల నాపరాయి లభిస్తుంది. సరిహద్దు దాటితే కర్ణాటకలోని కలబురగి జిల్లా షాబాదు పేరే ఒక రాతికి పేరుగా స్థిరపడిపోయింది. హైదరాబాద్ పాత కట్టడాల్లో ఎక్కువగా కనిపించేవి ఈ షాబాదు బండలే. ఇవన్నీ సున్నపురాయి కుటుంబానికి చెందినవే. పాలరాయి కూడా సున్నపురాయి భూగర్భంలో వేడికి, ఒత్తిడికి లోనై రూపుమారినదే. గ్రానైటు మాత్రం వేరు జాతి. అది కరిగిన శిలాద్రవం చల్లబడి గట్టిపడినది. హోటలులో ఉన్న రాయి ఈ రెండు జాతుల్లో దేనికి చెందినదో తెలుసుకోవడం మొదటి మెట్టు. ఒకదానికి చేసే వైద్యం మరొకదానికి పనికిరాదు.

హోటలు గోడల మధ్య చరిత్ర

దేశంలో కాఫీ హౌసుల చరిత్రకు 1936 ఒక మైలురాయి. కాఫీ వాడకాన్ని పెంచే ఉద్దేశంతో ఆ ఏడాది బొంబాయి చర్చిగేటులో తొలి ఇండియా కాఫీ హౌసును ప్రారంభించారు. 1942లో కలకత్తా కళాశాల వీధిలోని ఆల్బర్ట్ హాలులో కాఫీ హౌసు వెలిసింది. 1950వ దశకం మధ్యలో కాఫీ బోర్డు వీటిని మూసివేయాలని నిర్ణయించినపుడు కార్మికులు వీధిన పడ్డారు. కమ్యూనిస్టు నాయకుడు ఏకే గోపాలన్ చొరవతో 1957 నుంచి కార్మికులే సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నడుపుకోవడం ఆరంభించారు. అవి ఇండియన్ కాఫీ హౌసులుగా నేటికీ పలు రాష్ట్రాల్లో కొనసాగుతున్నాయి. అయితే అన్నీ పాత చోటనే నిలవలేదు. బెంగళూరు మహాత్మాగాంధీ రోడ్డులోని కాఫీ హౌసు 2009లో ఆ భవనాన్ని ఖాళీ చేసి చర్చి వీధికి తరలిపోవలసి వచ్చింది.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోని ఇరానీ హోటళ్లది మరో సంప్రదాయం. అక్కడ ప్రధానం చాయే అయినా, రాతి విషయంలో కాఫీ హోటళ్లకు, వాటికి దగ్గరి చుట్టరికం ఉంది. గుండ్రని లేదా నలుచదరపు పాలరాతి బల్ల, దాని చుట్టూ ఆవిరితో వంచిన కర్ర కుర్చీలు ఆ హోటళ్ల గుర్తు. 1859లో వియన్నాలో మైకేల్ థోనెట్ సంస్థ రూపొందించిన కుర్చీ నమూనాయే ఈ వంపు కుర్చీలకు మూలం. అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. ఇటువంటి హోటళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నకొద్దీ వాటి బల్లలు పాత సామాన్ల అంగళ్లకు చేరుతున్నాయి.

ఈ చరిత్రలో గర్వించదగిన పుటలే కాదు, తలవంచుకోవలసిన పుటలు కూడా ఉన్నాయి. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజుల్లో రాయలసీమ, కోస్తా పట్టణాల కాఫీ హోటళ్లలో కులాన్ని బట్టి వేర్వేరు గదులు, వేర్వేరు గ్లాసులు ఉండేవి. దళితులకు లోపలికి ప్రవేశమే ఉండేది కాదు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణలో అంగళ్లు, హోటళ్లలోకి ప్రవేశం విషయంలో వివక్ష కూడదని ప్రత్యేకంగా పేర్కొనవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. పాత హోటలును బాగుచేసేటపుడు అడ్డుగోడ ఆనవాలు, రెండో గుమ్మం ఆనవాలు బయటపడితే అవి ఎందుకు ఉన్నాయో తెలుసుకుని నమోదు చేయడం కూడా చరిత్ర రక్షణలో భాగమే. ఆ గోడను మళ్లీ కట్టనవసరం లేదు. అది లేనట్లు నటించనవసరం అంతకంటే లేదు.

తొలగించే ముందు చూడాలి

పని మొదలుపెట్టే ముందు నేల పటం గీసుకుని, ఒక్కొక్క బండకు సుద్దతో అంకె వేయాలి. అదే అంకెను పటంలో గుర్తించి, ఛాయాచిత్రాలు తీసి భద్రపరచాలి. తరువాత ప్రతి బండను కర్ర సుత్తితో మెల్లగా తట్టి చూడాలి. గట్టిగా, నిండుగా మోగితే బండ కింద ఆనిక బాగున్నట్లు. డొల్లగా మోగితే కింది సున్నం పిండి అయిపోయిందనో, ఎలుకలు, చీమలు మట్టిని తోడేశాయనో అర్థం. డొల్లగా మోగిన బండ పగిలిన బండ కాదు. దానిని ఎత్తి, కింద కొత్త ఆనిక వేసి తిరిగి అక్కడే కూర్చోబెట్టవచ్చు.

పరిశీలనలో బండలు సాధారణంగా నాలుగు రకాలుగా తేలతాయి. బాగున్నవి, కదులుతున్నవి, అంచులు మాత్రమే విరిగినవి, ముక్కలైనవి. మొదటి మూడు రకాలను ఉంచుకోవచ్చు. నాలుగో రకాన్ని మాత్రమే మార్చాలి. పైభాగం అరిగి గుంట పడినా బండ మందంగా ఉంటే దానిని తిరగేసి వాడుకునే వీలు కూడా ఉంది. ఉలితో చెక్కిన కింది భాగాన్ని కొద్దిగా సాన పడితే చాలు.

ఒక చిన్న లెక్క చూస్తే ఇందులోని లాభం తెలుస్తుంది. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల హాలు నేల 600 చదరపు అడుగులు. రెండడుగుల నలుచదరపు బండలైతే 150 పడతాయి. అంగుళం మందమున్న అటువంటి ఒక్కొక్క బండ సుమారు 25 కిలోలు తూగుతుంది. మొత్తం కలిపితే దాదాపు 3,750 కిలోలు. వాటిలో 30 బండలు ముక్కలయ్యాయనుకున్నా, మిగిలిన 120 బండలను, అంటే మూడు టన్నుల రాయిని పారవేయనక్కరలేదు, కొననక్కరలేదు. మిగిలిన సొమ్మును అసలు అవసరమైన పైకప్పు మరమ్మతుకు మళ్లించవచ్చు.

ముందు పైకప్పు, చివర నేల

చాలామంది కంటికి కనిపించే నేలతో పని ప్రారంభిస్తారు. ఇది తలకిందుల వ్యవహారం. కట్టడానికి ప్రధాన శత్రువు నీరు. వానకు కారే మిద్దె, గోడను ఆనుకుని పారే మురుగు కాలువ, పగిలిన నీటి గొట్టం ఉన్నంతకాలం ఎంత ఖరీదైన నేల వేసినా నిలవదు. అందువల్ల తొలుత పైకప్పు, ఆ తరువాత నీటి గొట్టాలు, మురుగు కాలువలు, అనంతరం విద్యుత్తు తీగలు, గోడల పూత, చిట్టచివరన నేల అన్న వరుసను పాటించాలి. నేల పూర్తయ్యాక గొట్టం కోసం మళ్లీ పగలగొట్టే దుస్థితి అప్పుడు రాదు.

గోడ అడుగు భాగంలో తెల్లని పొడి రాలుతుంటే జనం చవుడు పట్టిందంటారు. నేలలోని చెమ్మ గోడలోకి, బండల కిందికి ఎక్కి, తనతోపాటు తెచ్చిన లవణాలను పైన వదిలి ఆవిరైపోవడమే దీనికి కారణం. చవుడు పట్టిన గోడకు మళ్లీ రంగు పూస్తే ఏడాది తిరగకుండానే పొక్కులు లేస్తుంది. రంగు కాదు, చెమ్మకు మూలమే మారాలి. బయట గోడ పక్కన నేల లోపలి నేలకన్నా ఎత్తుగా ఉందేమో చూడాలి. వీధిలో పదేపదే రోడ్లు వేయడంతో పాత హోటళ్ల గడపలు రోడ్డుకన్నా దిగువకు పోవడం ప్రతి పట్టణంలోనూ ఉన్నదే. గోడ వెంట సన్నని కాలువ తీసి వాననీటిని దూరం పంపితే సగం జబ్బు నయమవుతుంది.

సున్నమా? సిమెంటా?

పాత బండలను డంగు సున్నంతో కూర్చోబెట్టేవారు. ఎద్దులు తిప్పే గానుగలో సున్నం, ఇసుక కలిపి మెత్తగా నూరేవారు. పట్టు కోసం బెల్లం నీరు, కరక్కాయ నీరు కలిపేవారు. ఇప్పుడు గానుగలు కనుమరుగైనా సున్నం బాటిలో నానబెట్టి, ఒకటికి మూడు పాళ్ల ఇసుకతో కలిపి వాడే పద్ధతి తెలిసిన మేస్త్రీలు కొద్దిమందైనా ఉన్నారు.

సున్నానికి, నాపరాయికి మధ్య రక్తసంబంధం ఉంది. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం మిగులుతుంది. దానిని నీటితో చల్లార్చి, ఇసుకతో కలిపి పరిస్తే గాలిలోని అదే వాయువును నెమ్మదిగా పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా మారుతుంది. అందుకే అది ఎండకు సాగినా, చలికి ముడుచుకున్నా బండతోపాటు సర్దుకుంటుంది. చెమ్మను దర్జుల గుండా బయటకు వదులుతుంది.

సిమెంటు తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. అది గట్టిది, బిగువైనది. చెమ్మను దర్జుల నుంచి వెళ్లనీయదు. దారి దొరకని చెమ్మ బండలోనే ఎక్కి, లవణాలను రాతి పొరల మధ్య వదిలి, పైపొరను పెచ్చులుగా ఊడగొడుతుంది. అన్నింటినీ మించిన తేడా మరొకటి ఉంది. సున్నంపై కూర్చున్న బండను అరవై ఏళ్ల తరువాత కూడా పగలకుండా ఎత్తవచ్చు. సిమెంటుపై కూర్చున్న బండను ఎత్తాలంటే పగలగొట్టవలసిందే. తాతలు సున్నం వాడబట్టే మనుమలకు ఆ బండలను కాపాడుకునే అవకాశం దక్కింది.

సున్నానికి ఓపిక కావాలి. సిమెంటులా మరునాటికే గట్టిపడదు. పరిచిన తరువాత కనీసం వారం రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. బరువైన బల్లలను లాగకూడదు. రాయలసీమ మండు వేసవిలో సున్నం త్వరగా ఎండి పొడి పొడి అయ్యే ప్రమాదం ఉన్నందున వానలు వెనుకబట్టిన తరువాతి చల్లని నెలలు ఈ పనికి అనుకూలం. హాలును రెండు భాగాలుగా చేసి ఒకవైపు పని, మరోవైపు వ్యాపారం నడిపితే సర్వర్లు, వంటవారి రోజు కూలి పోకుండా చూడవచ్చు. నెలల తరబడి మూసివేస్తే పనివారు వేరేచోట కుదురుకుంటారు, ఖాతాదారులు వేరే హోటలు రుచికి అలవాటు పడతారు.

బెలుం గుహలు చెప్పే పాఠం

పాత నేలకు జరిగే అతి పెద్ద ద్రోహం యాసిడ్ కడుగుడు. సిమెంటు మరకలు, నూనె జిడ్డు పోతాయని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను నీళ్లలో కలిపి చల్లుతుంటారు. బుసబుసమని నురుగు రాగానే మురికి పోతోందని సంబరపడతారు. నిజానికి ఆ నురుగు మురికిది కాదు. రాయి కరుగుతుంటే వెలువడే వాయువు అది.

ఆమ్లం సున్నపురాయిని ఏమి చేస్తుందో చూడాలంటే కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు వెళ్తే చాలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వెలుగులోకి తెచ్చిన ఈ గుహలు 3,229 మీటర్ల పొడవు ఉన్నాయి. వాననీరు మట్టిలోని వాయువును కలుపుకుని స్వల్ప ఆమ్లంగా మారి, యుగాల తరబడి సున్నపురాతిని కరిగించుకుంటూ పోవడం వల్లనే ఇవి ఏర్పడ్డాయి. అంత బలహీనమైన ఆమ్లమే కొండంత రాతిని తొలిచివేసినపుడు, అంగట్లో దొరికే ఘాటైన యాసిడ్ అంగుళం బండను ఎంత తొందరగా పాడుచేస్తుందో ఊహించుకోవచ్చు. యాసిడ్ పడిన బండ నునుపు కోల్పోతుంది. గరుకెక్కిన ఉపరితలంలో జిడ్డు మరింతగా పట్టుకుంటుంది. దానిని వదిలించడానికి మళ్లీ యాసిడ్ చల్లుతారు. ఇదొక విషవలయం.

గోరువెచ్చని నీరు, ఘాటు లేని సబ్బు, కొబ్బరి పీచు కుంచె చాలావరకు పని చేస్తాయి. ఊడ్చేటపుడు ఇసుక మిగలకుండా చూడటం ఇంకా ముఖ్యం. గట్టిదనం కొలిచే మోహ్స్ కొలమానంలో సున్నపురాతి ఖనిజానికి 3, ఇసుకలోని క్వార్ట్‌జ్‌కు 7 అంకెలు ఉన్నాయి. చెప్పులకు అంటుకుని వచ్చే ఇసుక రేణువు ప్రతి అడుగుకూ బండను గీస్తూనే ఉంటుంది. గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా వేయడం అన్నింటికన్నా చౌకైన రాతి రక్షణ.

పాలరాతి బల్లల సంగతి

పాత హోటళ్లలోని తెల్లబల్లల్లో కొన్ని రాజస్థాన్‌లోని మక్రానా రాయివి, కొన్ని ఇటలీ నుంచి ఓడల్లో దిగిన కరారా రాయివి. తాజ్‌మహల్‌కు వాడినది మక్రానా రాయే. పాలరాయి కూడా ఆమ్లానికి లొంగేదే కనుక నిమ్మరసం, చింతపండు పులుసు పడిన చోట మెరుపు పోయి మచ్చలు ఏర్పడతాయి. కాఫీ వల్ల వచ్చే ఇబ్బంది వేరు. దాని గోధుమ రంగు రాతి సూక్ష్మరంధ్రాల్లోకి ఇంకుతుంది. పులుపు మచ్చ అంటే రాయి తిన్న దెబ్బ, కాఫీ మచ్చ అంటే రాయి తాగిన రంగు. మొదటిదానికి సాన పట్టాలి. రెండోదానికి లేపనం వేయాలి.

సుద్దపొడిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ముద్దగా కలిపి కాఫీ మచ్చపై అర అంగుళం మందాన పరిచి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచాలి. కాగితం తీసి ముద్దను పూర్తిగా ఎండనిస్తే రంగు అందులోకి లాగబడుతుంది. ఒకసారికి పోకపోతే రెండు మూడుసార్లు చేయాలి. ఇనుప కాళ్ల నుంచి ఎక్కిన తుప్పు మరక మొండిది. అది మళ్లీ రాకుండా రాతికి, ఇనుముకు మధ్య రబ్బరు పలుచని పట్టీ వేయాలి. బల్ల అంతా సాన పట్టవలసి వస్తే ముతక రాయితో మొదలై క్రమంగా సన్నరాయికి వెళ్లాలి. మధ్యలో ఒక మెట్టు దాటేస్తే ముందరి గీతలు మెరుపు కింద అలాగే మిగిలిపోతాయి. అద్దంలా మెరిపించడం కన్నా మందమైన నునుపు వద్ద ఆపడం హోటలు బల్లకు మేలు. కొత్త మచ్చలు అంతగా కనిపించవు.

రెండున్నర అడుగుల నలుచదరపు, ముప్పావు అంగుళం మందం గల పాలరాతి పలక దాదాపు 30 కిలోల బరువు ఉంటుంది. దానిని పరుండబెట్టి మోస్తే తన బరువుకే మధ్యలో విరుగుతుంది. ఎప్పుడూ అంచుపై నిలబెట్టి ఇద్దరు మోయాలి. పునరుద్ధరణల్లో బల్లలు ఎక్కువగా పగిలేది పనిలో కాదు, తరలింపులోనే.

వంటశాలలో మమకారం కూడదు

హాలులో పాతదనం ఎంత ముద్దో వంటశాలలో అంత జాగ్రత్త అవసరం. 2011 నాటి ఆహార భద్రతా లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూలు ప్రకారం వంట చేసే చోట నేల, గోడలు నునుపుగా, సులభంగా శుభ్రపరచుకునేలా ఉండాలి. పెచ్చులు రాలకూడదు. నాపరాయికి సూక్ష్మరంధ్రాలు ఉంటాయి కనుక కూరగాయలు తరిగే, పిండి కలిపే బల్లలకు అది తగదు. స్టీలు పలకలు వాడుకోవడమే మంచిది. నేలకు నాపరాయి ఉంచదలిస్తే దర్జులను పూర్తిగా నింపి, నీరు కాలువకు పారేలా నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇవ్వాలి. అద్దంలా సాన పట్టిన గ్రానైటు తడిసినపుడు జారుతుంది. మరుగుతున్న పాల గిన్నెతో నడిచే మనిషికి అది ప్రాణాంతకం. వంటశాలకు గరుకు తగ్గని రాయే క్షేమం. పాత రుబ్బురోలు వాడుకలో లేకపోయినా హాలులో ఒక మూలన ఉంచితే పిల్లలకు పరిచయం చేసినట్లవుతుంది.

కొత్త రాయి ఎంచుకునేటపుడు

ముక్కలైన బండల స్థానంలో వేయడానికి రాయి కొనేటపుడు పాత బండ ముక్కను వెంట తీసుకెళ్లాలి. పొడిగా ఉన్నపుడు, తడిపినపుడు రెండు విధాలా రంగును పోల్చాలి. ఒకే ఊరి గనుల్లోనే పొర పొరకు రంగు మారుతుంది. ఎంత వెతికినా పాత బండ ఛాయ కొత్త బండకు రాదు. అందుకు అనుభవజ్ఞులు అనుసరించే ఉపాయం ఒకటుంది. లోపలి గదుల్లోని, సామాన్ల కొట్టులోని పాత బండలను ఎత్తి ముందు హాలులో ఖాళీలు పూరిస్తారు. కొత్త బండలను లోపలి గదుల్లో వేస్తారు. హాలు మొత్తం ఒకే వయసుతో కనిపిస్తుంది.

రాయి కోసే కూలీల ఆరోగ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గ్రానైటులో క్వార్ట్‌జ్ గణనీయంగా ఉంటుంది. పొడిగా కోసినపుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేరి సిలికోసిస్ అనే నయం కాని జబ్బును కలిగిస్తుంది. క్వార్ట్‌జ్ పొడిని రెసిన్‌తో అతికి తయారుచేసే కృత్రిమ రాతి పలకల వల్ల ఈ ముప్పు మరింత ఎక్కువ. ఈ కారణంగానే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది. నాపరాతిలో సిలికా తక్కువే అయినా, ఏ రాయినైనా నీరు పోస్తూ కోయడం, ముక్కుకు తగిన మాస్కు ధరించడం తప్పనిసరి. ఇంటి ముంగిట, రోడ్డుపై దుమ్ము రేపుతూ పొడిగా కోసే అలవాటుకు స్వస్తి పలకాలి.

అనుమతులు, ఆదర్శాలు

సాధారణ హోటలు భవనాలకు పురావస్తు రక్షణ ఉండదు. వాటి మంచిచెడ్డలు యజమాని చేతిలోనే ఉంటాయి. అయితే కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతంగా, అక్కడి నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతంగా 2010 నాటి చట్టసవరణ నిర్ణయించింది. ఆ పరిధిలోని హోటళ్లు మరమ్మతుకు సైతం ముందుగా అనుమతి పొందాలి. తెలంగాణలో వారసత్వ కట్టడాల కోసం 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది.

వ్యాపారం నడుస్తున్న కట్టడాన్ని కాపాడుకోవచ్చనడానికి హైదరాబాద్‌లోని మొజంజాహీ మార్కెట్ కళ్లెదుట ఉన్న ఉదాహరణ. 1935లో గ్రానైటు రాతితో నిర్మించిన ఈ మార్కెట్‌ను బోర్డులు, అడ్డదిడ్డమైన చేర్పులు తొలగించి 2020లో పునరుద్ధరించారు. అంగళ్లు అక్కడే ఉన్నాయి, రాయి కూడా అక్కడే ఉంది. ప్రభుత్వం పూనుకుని పెద్ద కట్టడానికి చేసిన పనిని చిన్న హోటలు యజమాని తన స్థాయిలో చేయలేకపోడు. కావలసింది పెద్ద పెట్టుబడి కన్నా తొందరపడని తత్వం.

ఇందులో జిల్లాకు మరో ప్రయోజనం కూడా ఇమిడి ఉంది. యంత్రాల పలకలు వచ్చాక నాపరాతి గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో పని చేసేవారికి గిరాకీ సమస్య మొదలైంది. ఉలితో పలక విడదీయగల చేతులు, సున్నం కలపగల చేతులు వృద్ధాప్యంలోకి చేరుతున్నాయి. పాత హోటళ్లు, పాత ఇళ్లు బాగుచేసుకునే పని వారికి దొరికితే ఆ విద్య కుర్రకారుకు అందుతుంది. లేకపోతే రేపు బండలు మిగిలినా వాటిని కూర్చోబెట్టే మనిషి మిగలడు. మరమ్మతుకు పూనుకునే యజమానులు వృద్ధ మేస్త్రీ పక్కన ఒక యువకుడిని కూడా పనిలో పెట్టుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఇవి గుర్తుంచుకోవాలి

* బండలకు అంకెలు వేసి, పటం గీసిన తరువాతే పెకలించాలి.
* పైకప్పు, కాలువలు, తీగలు పూర్తయ్యాకే నేల పని చేపట్టాలి.
* పాత సున్నం ఆనికపై సిమెంటు వేయకూడదు.
* నాపరాయిని, పాలరాయిని యాసిడ్‌తో కడగరాదు.
* పాలరాతి పలకలను నిలువుగానే మోయాలి.
* రాయిని నీరు పోస్తూనే కోయాలి, మాస్కు ధరించాలి.
* పగలని బండలు మిగిలితే పారవేయకుండా దాచాలి. మరో ఇరవై ఏళ్లకు అవే అక్కరకు వస్తాయి.